కరుణమ్మ అడిగింది

పోయిన వారం తిరుపతి నుంచి పుత్తూరు పోయే బస్సులో, నా ముందు సీట్లో కూర్చున్న పెద్దాయన చెవి మిషను ఉన్నట్టుండి కూయ్‌మంది. మిషను చెవిలో సరిగ్గా కూర్చోకపోతే వచ్చే సన్నటి ఈల అది. పెట్టుకున్నవాళ్ళకు వినపడదు, చుట్టూ ఉన్నవాళ్ళకే వినపడుతుంది. ఎవరో పిల్లలు నవ్వారు. నేను మాత్రం లేచి నిలబడ్డాను. తొమ్మిదేళ్ళపాటు ప్రతి గురువారం ఆ ఈల వినగానే లేచి గేటు తాళం తీసినవాణ్ణి, కాళ్ళకు ఆ సంగతి ఇంకా గుర్తున్నట్టుంది. "యాడ దిగాల సార్ మీరు?" అని కండక్టరు అడిగితే మళ్ళీ కూర్చున్నాను. వడమాలపేట దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ ఉండిపోయాను. కరుణమ్మ గారు ఉండింది ఆ ఊళ్ళోనే.

నేను జైలు వార్డరుని. అప్పట్లో మా జిల్లాలోని ఒక చిన్న సబ్ జైలులో పనిచేసేవాణ్ణి. కేసు ఇంకా తేలనివాళ్ళను ఉంచే చోటు అది. రెండు బారక్‌లు, ఒక వంటగది, ఒక ఆఫీసు గది, చుట్టూ గోడ. చర్చిలవాళ్ళు వచ్చి పాటలు పాడి, అరటిపళ్ళు పంచి, గేటు దగ్గర ఫొటో తీయించుకుని పోవడం నేను చాలా చూశాను. కరుణమ్మ గారు మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడా ఆ బాపతే అనుకున్నాను. ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే పని చేసి రిటైరైన మనిషి. మగవాళ్ళ చేతిగడియారం, రబ్బరు చెప్పులు, ఎడమ చెవిలో మిషను. పళ్ళు లేవు, ఫొటోలు లేవు. సంచి తనిఖీ చేస్తే ఒక నోటు పుస్తకం, పెన్సిలు, రబ్బరు దొరికాయి. నేను సంచి వెతుకుతుంటే ఆవిడ నా నుదురు చూసి, "చెమటకి నీ నామం కారతా ఉండాది నాయనా, కంట్లో పడితే మండతాది, తుడుచుకో" అన్నారు. మా నాయన గుళ్ళో పూలదండలు కట్టినవాడు. చర్చి ఆవిడకు నా నామంతో ఏం పని అని నాకు ఒళ్ళు మండింది. అంతలో అది నిజంగానే కంట్లో పడింది.

మా వైపు ఒక ఇబ్బంది ఉంది. ఏడుకొండల కింద పుట్టినవాళ్ళం కాబట్టి ఇంటికొక వెంకటరమణ ఉంటాడు, లేకపోతే శ్రీనివాసులో మునిరత్నమో ఉంటాడు. పొద్దున హాజరు పిలిచేటప్పుడు "వెంకటరమణా" అంటే నలుగురు లేచేవారు. ఇద్దరు వెంకటేశులు కూడా ఎందుకైనా మంచిదని తల తిప్పేవారు. అందుకని మేం కేసు పేరు తగిలించి పిలిచేవాళ్ళం. గొర్రెల కేసు వెంకటరమణ, సైకిలు కేసు వెంకటరమణ. కరుణమ్మ గారికి అది బొత్తిగా నచ్చలేదు. ఒక్కొక్కరి ముందూ నిలబడి, "ఇంట్లో నిన్ను ఏమని పిలస్తారు నాయనా?" అని అడిగి నోటు పుస్తకంలో రాసుకునేవారు. ఆరడుగుల మనిషి ఒకడు "బుడ్డోడు" అని చెప్పి సిగ్గుతో చచ్చిపోయాడు. నలుగురు పోలీసులు పట్టుకుంటే గానీ ఆగని ఇంకొకడు "బంగారు" అని గొణిగి గోడవైపు తిరిగిపోయాడు. ఆవిడ ప్రార్థన కూడా ఆ పేర్లు చదవడమే. "దేవుడా, బుడ్డోడు. దేవుడా, బంగారు." అంతకుమించి ఏమీ ఉండేది కాదు. విడుదలైనవాడి పేరు రబ్బరుతో చెరిపేసేవారు. పెన్నుతో రాసుకోవచ్చు కదమ్మా అంటే, "పెన్నుతో రాస్తే ఈడనే ఉండిపోతారు నాయనా" అన్నారు.

పేరు తర్వాత ఆవిడ అడిగే మాట ఒక్కటే, ఏం తిన్నావు అని. తిన్నావా అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఒకసారి గేటు దగ్గర నేను ఎగతాళిగా, "దినామూ అదే సంగటి, అదే నీళ్ళ చారు. అడిగేదానికి ఏముందమ్మా?" అన్నాను. ఆవిడ నా పెదాల కదలికను చూసి అర్థం చేసుకుని, "తిన్నావా అంటే అందురూ తిన్నానంటారు నాయనా, తినకపోయినా. ఏం తిన్నావని అడిగితే కాసేపు ఆలోచన చెయ్యాల. ఆ కాసేపు వాడు నాకాడ ఉంటాడు" అన్నారు. నేను నవ్వాను. అప్పట్లో నాకు చాలా సంగతులు నవ్వులాటగానే ఉండేవి.

లాక్‌డౌనుకు ఆరేడు నెలల ముందు మునిరత్నం అనే ఆయన్ను తెచ్చారు. నలభై అయిదేళ్ళుంటాయి. పడమటి పల్లెలో మామిడితోట కాపలా మనిషి. బోరు నీళ్ళ దగ్గర సొంత తమ్ముడితో మాటామాటా పెరిగి పార కర్రతో ఒక్క దెబ్బ వేశాడు. తమ్ముడు మళ్ళీ లేవలేదు. పోలీసు జీపు దగ్గరికి తల్లి వచ్చి, "నాకు ఇద్దురు కొడుకులూ పోయినారు" అని చెప్పి ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుందట. ములాఖత్‌కు ఆయన కోసం ఎవరూ రాలేదు. కరుణమ్మ గారు అలవాటు ప్రకారం ఆయన ముందు నిలబడి, ఇంట్లో ఏమని పిలుస్తారని అడిగారు. ఆయన తలెత్తకుండా "ఏం ల్యా" అన్నాడు. ఏమీ లేదని. ఆవిడ చెవి మిషను కూయ్‌మంది. "ఏలీయానా? ఎంత మంచి పేరు పెట్టినారు నాయనా. మాలో పెద్ద ప్రవక్త పేరది" అని సంతోషంగా రాసేసుకున్నారు.

బారక్ అంతా ఘొల్లున నవ్వింది. నేను ఆవిడ చెవి దగ్గరికి వంగి సంగతి చెప్పబోయాను. మునిరత్నం నావైపు చూసి వద్దన్నట్టు తల ఊపాడు. వచ్చిన తర్వాత ఆయన ఎవరి మొహమైనా చూడడం అదే మొదలు. మరుసటి గురువారం ఆవిడ "ఏలీయా" అని పిలిస్తే "ఆఁ" అని పలికాడు. నాలుగు వారాలు తిరిగేసరికి మేం కూడా ఆయన్ను అట్లాగే పిలుస్తున్నాం. నామాల జైల్లో ఒక ఏలీయా వెలిశాడని మా వంటమనిషి అనేవాడు.

తర్వాత కరోనా వచ్చింది. ములాఖత్‌లు ఆపేశారు, కోర్టులు మూసేశారు, బయటివాళ్ళెవరూ లోపలికి రాకూడదన్నారు. చిన్న కేసులవాళ్ళను బెయిలు మీద పంపించగా పెద్ద బారక్‌లో పన్నెండు మంది మిగిలారు. నా భార్యనూ కూతుర్నీ చంద్రగిరిలో మా అత్తగారింటికి పంపేసి నేను క్వార్టర్సులో ఒక్కణ్ణే ఉండిపోయాను. జైలు నుంచి జబ్బు మోసుకుపోతానేమోనని భయం. నాతోపాటు డ్యూటీ చేసేవాడు పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, నేను దగ్గితే ఇంకో రెండు అడుగులు వెనక్కి జరిగేవాడు. అతణ్ణి తప్పుపట్టలేను, నేనూ అదే చేశాను. వండుకోవడానికి మనసు పుట్టేది కాదు. సాయంత్రం మంచం మీద కూర్చుంటే, పొద్దుటి నుంచి తాళాల గురించి తప్ప ఇంకే మాటా మాట్లాడలేదని గుర్తొచ్చేది.

ఏలీయా తిండి మానేశాడు. తన పళ్ళెం పక్కవాడికి తోసేవాడు. ఒకరోజు తువ్వాలు పేలికలుగా చించి పేనుతుంటే బుడ్డోడు చూసి లాక్కుని నాకు తెచ్చి ఇచ్చాడు. మా ఆఫీసరు నన్ను పిలిచి, "వాడి మీద కన్నేసి పెట్టు. నీ డ్యూటీలో ఏమన్నా అయితే నువ్వే జవాబు చెప్పుకోవాల" అన్నాడు. కన్నేసి పెట్టడం నాకు తెలుసు. మనిషిని నిలబెట్టడం ఎట్లాగో తెలియదు.

ఆ వారం గురువారమే పదకొండు గంటలకు ఆఫీసు గదిలోని పాత ఫోను మోగింది. కరుణమ్మ గారు. నోటు పుస్తకంలోని పేర్లు చదువుతానని, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి "కరుణమ్మ అడిగింది, ఏం తిన్నావు" అని అడిగి రమ్మని, అరగంటలో మళ్ళీ ఫోను చేస్తానని అన్నారు. మా ఆఫీసరు విసుక్కుని సరేనన్నాడు. నాకేమో తల కొట్టేసినట్టుంది. ఖాకీ బట్టలేసుకుని, లాఠీ పట్టుకుని, ఆరడుగుల మనిషిని బుడ్డోడా అని పిలవాలి, వాడు ఏం తిన్నాడో కనుక్కోవాలి. అయినా వెళ్ళాను. అందరూ నవ్వారు. ఏలీయా నవ్వలేదు. "కరుణమ్మ అడిగింది" అని నేను రెండోసారి చెప్పాక చాలాసేపు ఆలోచించి, "ఏమీ తినలేదని చెప్తే అమ్మ బాధపడతాది. ఉండండి సామీ" అని, మూలనున్న పళ్ళెంలోంచి సంగటి ముద్ద సగం విరిచి తిన్నాడు. "సంగటి అని చెప్పండి" అన్నాడు.

ఆవిడకు ఫోనులో సరిగ్గా వినపడేది కాదు. నేను గొంతు చించుకోవాలి. "బుడ్డోడు సంగటి, వంకాయ పులుసు అమ్మా! బంగారు కూడా అదే! ఏలీయా సగం ముద్ద!" నా అరుపు బారక్ చివరిదాకా వినపడేది. వారాలు గడిచే కొద్దీ ఫోను మోగగానే లోపల మాటలు ఆగిపోయేవి. తమ గురించి నేనేం చెబుతున్నానో చెవులు రిక్కించి వినేవారు. ఒకసారి చింతపండు చారును నేను మిరియాల చారు అంటే లోపలి నుంచి ముగ్గురు అరిచి దిద్దారు. ఏలీయా సగం ముద్ద ఒక ముద్ద అయింది.

ఒక వారం పేర్లన్నీ అయిపోయాక కూడా ఆవిడ ఫోను పెట్టలేదు. "నాయనా, అందరూ మూతికి గుడ్డలు కట్టుకున్నారు. ఎవరి పెదాలూ కనపడవు నాకు. ఇంట్లో వాళ్ళు మాట్లాడేదీ తెలవదు, అంగట్లో వాళ్ళు మాట్లాడేదీ తెలవదు" అన్నారు. తర్వాత, "ప్రార్థనలో కూసుంటే ఆడా అంతే ఉండాది. అటుపక్కనుంచి ఏమీ వినపడడం లేదు. దేవుడు పలకతా ఉండాడో లేదో తెలవదు. అయినా అడగతా ఉండాను. అడిగేది ఆపితే పుస్తకంలో పేర్లు ఏమైపోతాయి?" అన్నారు. ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి ఇట్లా అంటారని నేను అనుకోలేదు. "వినపడతాది లేమ్మా" అని అరిచాను. ఆవిడ, "ఏమన్నావు నాయనా?" అన్నారు.

శ్రావణంలో రెండు గురువారాలు ఫోను రాలేదు. మూడో గురువారం పొద్దున్నే నేనే ఆవిడ ఇంటి నంబరుకు చేశాను. మేనకోడలు ఎత్తింది. "అత్త పొయ్యి తొమ్మిది దినాలైంది సార్" అంది. ఆస్పత్రిలో చెవి మిషను ఎక్కడో పోయిందట. చుట్టూ తలనుంచి కాళ్ళదాకా కప్పుకున్న మనుషులు, ఒక్కరి మొహమూ కనపడదు, ఒక్క మాటా వినపడదు. చివరి రోజుల్లో ఆవిడ ఎవరు దగ్గరికి వచ్చినా ఈపొద్దు బేస్తవారమా, గురువారం వచ్చిందా అని అడిగేవారట. వాళ్ళు ఏం చెప్పినా ఆవిడకు తెలిసేది కాదు. పూడ్చిపెట్టేటప్పుడు నలుగురే ఉన్నారంది.

చెప్పేద్దామనే బారక్ దగ్గరికి వెళ్ళాను. ఏలీయా అప్పటికే ఊచల దగ్గర నిలబడి ఉన్నాడు. రెండు వారాలుగా మళ్ళీ పళ్ళెం తోసేస్తున్నాడు, గడ్డం కింద ఎముకలు తేలాయి. ఆయన మొహం చూశాక నా నోట ఆ మాట రాలేదు. "కరుణమ్మకు జ్వరం వచ్చి తగ్గిందంట. అడిగింది. ఏం తిన్నావు?" అన్నాను. ఆయన నావైపు ఒక క్షణం చూసి, "సంగటి" అన్నాడు. తినలేదని నాకు తెలుసు. మధ్యాహ్నం మాత్రం తిన్నాడు.

అప్పటి నుంచి ప్రతి గురువారం నేను ఆ నాటకం ఆడాను. పదకొండు గంటలకు ఆఫీసు గదిలోకి వెళ్ళి కాసేపు కూర్చునేవాణ్ణి. బయటికి వచ్చి పన్నెండు మందినీ వాళ్ళ ఇంటి పిలుపులతో పిలిచి అడిగేవాణ్ణి. మళ్ళీ లోపలికి వెళ్ళి, రిసీవరు చెవికి పెట్టుకుని, బుర్రుమనే ఉత్త ఫోనులోకి గొంతు చించుకుని అరిచేవాణ్ణి. "బుడ్డోడు సంగటి అమ్మా! ఏలీయా రెండు ముద్దలమ్మా!" మా ఆఫీసరు ఒకసారి తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోయాడు. నాకు పిచ్చెక్కిందనుకుని ఉంటాడు. నిజం చెప్పాలంటే వారం మొత్తంలో నేను గట్టిగా మాట్లాడేది ఆ అయిదు నిమిషాలే. బుధవారం సాయంత్రం నుంచే ఎదురుచూసేవాణ్ణి. ఏలీయా ప్రాణం కోసం చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను, అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

రెండు నెలల తర్వాత, ముసురు పట్టిన ఒక గురువారం, నేను ఫోను పెట్టేసి బయటికి వచ్చేసరికి ఏలీయా ఊచల దగ్గర ఉన్నాడు. మిగతావాళ్ళు వెనక కూర్చుని ఉన్నారు.

"సామీ, ఒక మాట అడగతాను, కోపం చేసుకోవద్దు" అన్నాడు. "అమ్మకి దినాలు ఎవరన్నా చేసినారా?"

"ఎవరు చెప్పినారు నీకు?" అన్నాను.

"ఎవరూ సెప్పలేదు. ఫోను మోగలేదు గదప్పా."

అంత తెలివితక్కువవాణ్ణి నేను. రిసీవరు పట్టుకున్నాను, అరిచాను, అన్నీ చేశాను. ముందు గంట మోగాలన్న సంగతే నాకు తట్టలేదు. "అయితే ఎప్పటి నుంచి తెలుసు?" అని అడిగితే వెనక నుంచి బుడ్డోడు జవాబు చెప్పాడు. "తొలి వారమే తెలిసిపోయింది సామీ. ఎవురూ నోరు జారగూడదని అనుకున్నాం."

"మరి నేను అడిగినప్పుడల్లా ఎందుకు పలికినారు?" అని ఏలీయాను అడిగాను.

ఆయన ఊచల మీద చెయ్యి తీయకుండా అన్నాడు. "మేము లోపల పన్నెండు మందిమి ఉండాం. ఒకడు ఏడిస్తే సూసేదానికి ఇంకొకడు ఉండాడు. మీరు బయట ఒక్కరే ఉండారు. ఆ ఉత్త ఫోనులోకి మీరు అట్లా అరస్తా ఉంటే, మేము పలక్కపోతే మీరేమైపోతారో అని బయమేసింది."

నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయి ఏడ్చాను. ఉద్యోగంలో చేరిన తర్వాత ఖైదీల ముందు ఏడవడం అదొక్కసారే. వాళ్ళు చూడనట్టు ఉండలేదు, ఓదార్చనూ లేదు, ఊరికే ఉన్నారు. తర్వాత అంతా చెప్పాను. మిషను పోయిన సంగతి, బేస్తవారమా అని అడిగిన సంగతి, నలుగురే ఉన్న సంగతి. చెప్పడం అయ్యాక ఏలీయా, "అమ్మ మన పేర్లు చదివినట్టు, అమ్మ పేరు ఒకసారి చదవాల. ఇంట్లో ఏమని పిలిచేవాళ్ళు అమ్మని?" అని అడిగాడు.

నాకు తెలియదు. పన్నెండు మందిలో ఒక్కరికీ తెలియదు. తొమ్మిదేళ్ళలో నేను గానీ, లోపలికి వచ్చిపోయినవాళ్ళలో ఒక్కరు గానీ ఆవిణ్ణి ఆ మాట అడగలేదు. నేను ఆఫీసు గదిలోకి వెళ్ళి వడమాలపేటకు ఫోను చేశాను. ఈసారి నిజంగానే. మేనకోడలు చాలాసేపు ఆలోచించింది. "తెలవదు సార్. అట్లా పిలిచేవాళ్ళందురూ ఎప్పుడో పోయినారు. నేను పుట్టేతలికి అత్తని కరుణమ్మ అనే అనేవాళ్ళు" అంది. తిరిగి వెళ్ళి చెప్పాను. ఏలీయా తల ఊపి, తనకు తెలిసిన పద్ధతిలో చేతులు జోడించి, "దేవుడా, కరుణమ్మ" అన్నాడు. హాజరు పట్టీలో పిలిచినట్టు, ఊరందరికీ తెలిసిన పేరుతోనే.

కోర్టులు తెరిచాక ఏలీయాకు బెయిలు వచ్చింది. తల్లి తలుపు తీసిందో లేదో నాకు తెలియదు, మనిషి మాత్రం తన కాళ్ళ మీద నడిచి బయటికి పోయాడు. నాకు బదిలీ అయి ఇప్పుడు వేరే జైలులో ఉన్నాను. కొత్తగా వచ్చినవాణ్ణి ఇంట్లో ఏమని పిలుస్తారో అడిగి పెన్సిలుతో రాసుకుంటున్నాను. కుర్ర వార్డర్లు నవ్వుతారు. నాకు ఆవిడ నమ్మకం అబ్బలేదు, నేను నా నామం పెట్టుకుని నా గుడికే పోతాను. కానీ గుళ్ళో నిలబడి పేర్లు తలుచుకునేటప్పుడు ఆవిడ వంతు వచ్చేసరికి నాలుక ఆగుతుంది. చిన్నప్పుడు ఆవిణ్ణి ఎవరో ఏదో అని పిలిచి ఉంటారు, ఆవిడ పలికే ఉంటారు. ప్రతి గురువారం గేటు తాళం తీసి ఎదురుగా నిలబడినవాణ్ణి, అడగడానికి అరనిమిషం పట్టేది.